ఛెత్రి చోట ఎవరు? పేరుతో కాకుండా పనితో వాదన మొదలుపెట్టే పద్ధతి

అనంతపురంలో ఫుట్‌బాల్ మీద మక్కువ ఉన్నవారు నలుగురు కలిస్తే, 2024 వేసవి నుంచి మాటలు తిరిగి తిరిగి ఒకే ప్రశ్న దగ్గరికి వస్తున్నాయి: ఏళ్ళ తరబడి మన జట్టుకు గోల్స్ కొట్టిన ముందువరుస ఆటగాడు సునీల్ ఛెత్రి తప్పుకున్న చోట భారత జట్టులో ఎవరు ఆడాలి? టవర్ క్లాక్ దగ్గరి టీ కొట్ల ముందు గానీ, ఆర్డీటీ మైదానంలో పిల్లల మ్యాచ్ చూడటానికి వచ్చిన పెద్దల మధ్య గానీ ఈ ప్రశ్న లేచినప్పుడు జరిగేది చాలావరకు వాదన కాదు, పేర్ల వేలంపాట. ఒకరు మన్‌వీర్ సింగ్ అంటారు, ఇంకొకరు లాలియన్‌జువాలా ఛాంగ్‌తే అంటారు, మూడో ఆయన "ఛెత్రి మాదిరి ఇంగొకడు యాడుండాడు లేన్నా" అని నిట్టూర్చి టీ గ్లాసు కింద పెడతారు. గంట గడిచాక ఎవరి అభిప్రాయం వారి దగ్గరే ఉంటుంది. అదే గంటలో ఏదో ఒకటి తేలేటట్టు వాదనను ఎలా నడపవచ్చో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. ఉదాహరణలు ఛెత్రి చుట్టూ తిరిగినా, పద్ధతి ఏ జట్టులోని ముందువరుస ఆటగాడి (స్ట్రైకర్) విషయంలోనైనా పనికివస్తుంది.

మొదట పని రాయండి, పేరు తర్వాత

మొదటి పావుగంట సేపు ఎవరూ వారసుడి పేరు ఎత్తకూడదన్నది మొదటి నియమం. ఇది వినడానికి చాదస్తంగా ఉంటుంది గానీ, ఒకసారి పేరు బయటపడ్డాక ఆ పేరు చెప్పిన మనిషి దాన్ని వదులుకోవడానికి ఇష్టపడడు, మిగతావారు దాన్ని కొట్టేయడానికే మొగ్గుతారు, ఆ తర్వాత ఆట గురించి ఆలోచించేవారు ఉండరు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఇలాంటి వాదనల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. కాబట్టి ఒక కాగితం తీసుకుని, వెళ్ళిపోయిన ఆటగాడు జట్టులో ఏయే పనులు చేసేవాడో వరుసగా రాయాలి. "గోల్స్ కొట్టేవాడు" అని ఒక్క ముక్కలో రాసి ఊరుకుంటే ఆ కాగితం వల్ల లాభం లేదు.

ఛెత్రి సంగతే చూడండి. 2005 జూన్‌లో క్వెట్టాలో పాకిస్తాన్ మీద తొలి మ్యాచ్ ఆడి, ఆ మ్యాచ్‌లోనే గోల్ చేసిన ఆ కుర్రవాడు, 2024 జూన్ 6న కోల్‌కతా సాల్ట్ లేక్ మైదానంలో కువైట్‌తో సున్నా సున్నాగా ముగిసిన మ్యాచ్‌తో వీడ్కోలు చెప్పే నాటికి 151 మ్యాచ్‌లలో 94 గోల్స్ చేశాడు. అంటే సుమారుగా ప్రతి ఐదు మ్యాచ్‌లకు మూడు గోల్స్. కానీ ఈ లెక్క వెనుక ఉన్న పనులు వేరువేరు. గోల్ ముందుండే పెనాల్టీ బాక్సు లోపల సరైన చోటికి ఒక అడుగు ముందే చేరడం ఒక పని. పొడవు అయిదడుగుల ఏడంగుళాలే అయినా తనకంటే ఎత్తయిన డిఫెండర్ల మధ్య నుంచి లేచి తలతో గోల్ చేయడం మరొక పని. ఎత్తు లేనివాడు హెడర్లు ఎలా కొడతాడని అడిగేవారికి జవాబు అతడి ఎగురులో కాదు, ఎగిరే సమయంలో ఉంటుంది. పెనాల్టీలు తీసుకోవడం మూడోది. కిందికి దిగి మిడ్‌ఫీల్డర్ల దగ్గర బంతి అందుకుని, పక్కన పరుగెత్తేవాడికి దాన్ని చేర్చడం నాలుగోది.

ఈ నాలుగో పని స్కోరు పట్టికలో కనబడదు. 2023 జూలై 4న బెంగళూరు కంఠీరవ మైదానంలో కువైట్‌తో జరిగిన శాఫ్ (దక్షిణాసియా ఛాంపియన్‌షిప్) ఫైనల్‌లో మన జట్టు స్కోరు సమం చేసిన గోల్‌ను గుర్తు తెచ్చుకోండి. ఛెత్రి ముందుకు వేసిన బంతి సహల్ అబ్దుల్ సమద్‌కు చేరింది, సహల్ అడ్డంగా ఇచ్చాడు, ఛాంగ్‌తే గోల్‌లోకి నెట్టాడు. లెక్కల్లో గోల్ ఛాంగ్‌తేది, అందించినది సహల్‌ది, ఛెత్రి పేరు ఎక్కడా రాదు. కానీ ఆ దాడికి తలుపు తెరిచింది అతడే. వారసుడి కోసం వెతికేవారు ఇలాంటి పాసులు ఇవ్వగలవాడు ఎవడని అడగకుండా కేవలం గోల్స్ పట్టిక చూస్తే, సగం ఆటగాడి కోసమే వెతికినట్టు అవుతుంది.

మైదానం బయటి పనులను కూడా కాగితం మీదికి ఎక్కించాలి. 2018 జూన్ 1న ముంబయిలో చైనీస్ తైపీని 5-0తో ఓడించిన రాత్రి, హ్యాట్రిక్ కొట్టింది ఛెత్రే అయినా, చూడటానికి వచ్చినవారు సుమారు రెండున్నర వేల మందే. ఆ మరునాడు అతడు ఒక వీడియోలో, వచ్చి మమ్మల్ని తిట్టండి, విమర్శించండి, కానీ మైదానానికి రండి అన్న అర్థం వచ్చేట్టు వేడుకున్నాడు. జూన్ 4న కెన్యాతో జరిగిన అతడి వందో మ్యాచ్‌కు టికెట్లన్నీ అమ్ముడుపోయాయి, అందులోనూ రెండు గోల్స్ అతడివే. ప్రేక్షకులను మైదానానికి రప్పించడం, నాయకత్వం, తర్వాతి తరానికి క్రమశిక్షణ నేర్పడం అనే పనులు కొత్త స్ట్రైకర్ నెత్తి మీద మొదటి రోజే పెట్టవలసిన అవసరం లేదు. గోల్ కీపరో డిఫెండరో వాటిని మోయవచ్చు. వాదనలో కలిపేసే ఈ బరువులను విడదీయడమే కాగితం వల్ల కలిగే అసలు ప్రయోజనం.

ఇక్కడ ఒక పక్కమాట. ఛెత్రి 1984లో సికింద్రాబాదులో పుట్టాడు గనుక మనవాడే అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. సంతోషించి ముందుకు సాగిపోవాలి. ఆ దారిలో పోతే రాత్రి పదైనా మళ్ళీ విషయానికి రాలేరు.

కరవు ఎప్పుడు మొదలైందో లెక్క తేల్చండి

పనుల జాబితా తయారయ్యాక చేయవలసింది, అసలు ఖాళీ ఎక్కడ ఉందో చూడటం. "ఛెత్రి వెళ్ళాక గోల్స్ రావడం లేదు" అన్న మాటను అందరూ ఒప్పేసుకుంటారు గనుక దాన్నే ముందు పరీక్షించాలి. 2024లో భారత పురుషుల జట్టు ఆడిన మ్యాచ్‌లు పదకొండు. జనవరిలో ఆసియా కప్‌లో ఆస్ట్రేలియా, ఉజ్బెకిస్తాన్, సిరియాల చేతిలో వరుసగా 0-2, 0-3, 0-1. మార్చిలో ఆఫ్ఘనిస్తాన్‌తో ఒక 0-0, గువాహటిలో 1-2. జూన్‌లో కువైట్‌తో 0-0. ఇంతవరకు ఆరు మ్యాచ్‌లలోనూ ఛెత్రి ఉన్నాడు. వచ్చిన గోల్ ఒక్కటే, గువాహటిలో తన నూట యాభయ్యో మ్యాచ్‌లో అతడు కొట్టిన పెనాల్టీ. ఆ తర్వాత అతడు లేకుండా ఆడినవి ఐదు: దోహాలో ఖతర్‌తో 1-2, హైదరాబాదులో మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3, వియత్నాంతో 1-1, మళ్ళీ హైదరాబాదులో మలేషియాతో 1-1. ఈ ఐదింటిలో వచ్చిన గోల్స్ మూడు. ఆ ఏడాదంతా ఒక్క గెలుపూ లేదు.

ఈ చిన్న కూడిక వాదన దిశను మార్చేస్తుంది. ఛెత్రి ఉన్న ఆరు మ్యాచ్‌లలో ఒకటి, లేని ఐదింటిలో మూడు అన్నంత మాత్రాన అతడు అడ్డమని అనుకునేవారు ఉంటే వారికి దణ్ణం పెట్టాలి. ఆసియా కప్ ప్రత్యర్థుల స్థాయి వేరు, అంత కొద్ది మ్యాచ్‌ల మీద తీర్పు చెప్పనూ కూడదు. కానీ గోల్స్ కరవు అతడి వీడ్కోలుకు ముందే మొదలైందన్నది కాదనలేని విషయం. అంటే బాక్సులోకి బంతి చేరకపోవడమే పెద్ద జబ్బు. ఆ జబ్బు ఉన్నంతవరకు ముందు ఎవరిని నిలబెట్టినా తొంభై నిమిషాలూ చేతులు చాచి బంతి అడుగుతూనే ఉంటాడు. వాదనలో పాల్గొనేవారు ఇది ఒప్పుకుంటే, "ఛెత్రి చోట ఎవరు" అన్న ప్రశ్న పక్కన "ఛెత్రికి బంతి అందించవలసినవారు ఎవరు" అన్న రెండో ప్రశ్న కూడా చేరుతుంది.

ఇంకొక సంగతి కూడా ఇదే కాగితం మీద రాసుకోవాలి. ఆ మూడు గోల్స్‌లో ఖతర్ మీద కొట్టినది మైదానం పక్క అంచున ఆడే వింగర్ ఛాంగ్‌తే, వియత్నాం మీద ఫారూఖ్ చౌధరి, మలేషియా మీద డిఫెండర్ రాహుల్ భేకే. తర్వాతి మార్చిలో ఛెత్రి వీడ్కోలు వెనక్కి తీసుకుని షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద బరిలోకి దిగినప్పుడు, 3-0 గెలుపులో మొదటి గోల్ మళ్ళీ భేకేది, రెండోది లిస్టన్ కొలాసోది, మూడోది ఛెత్రిది. అతడికది తొంభై అయిదో అంతర్జాతీయ గోల్. కార్నర్ల మీద తలతో గోల్ చేయగల డిఫెండర్ ఒకడు జట్టులో ఉంటే వెళ్ళిపోయిన స్ట్రైకర్ పనిలో కొంత భాగం అప్పుడే భర్తీ అయినట్టు. ఇది మొదట్లో ఎవరికీ తట్టదు.

వెనక్కి చూసి ముందుకు రండి

వారసుడు ఒకే రోజున ప్రకటన ద్వారా వస్తాడనుకోవడం అభిమానుల్లో బాగా నాటుకున్న అపోహ. దీన్ని తొలగించడానికి ఛెత్రికి ముందు మన జట్టు ప్రధాన స్ట్రైకర్‌గా ఉన్న బైచుంగ్ భుటియా కథ చాలు. భుటియా అంతర్జాతీయ ఆట నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పింది 2011 ఆగస్టులో. కానీ అదే ఏడాది జనవరిలో దోహాలో జరిగిన ఆసియా కప్‌లో గాయం వల్ల అతడు చివరి మ్యాచ్‌లో కొద్ది నిమిషాలు మాత్రమే ఆడగలిగాడు; బహ్రెయిన్ మీద, దక్షిణ కొరియా మీద గోల్స్ చేసింది ఛెత్రి. అంతకు ముందే, 2008 ఆగస్టులో ఢిల్లీలో తజికిస్తాన్‌తో జరిగిన ఏఎఫ్‌సీ (ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య) ఛాలెంజ్ కప్ ఫైనల్‌లో హ్యాట్రిక్ కొట్టి ఆ ఆసియా కప్‌కు దారి తెరిచిందీ ఛెత్రే. 2011 డిసెంబరులో జరిగిన శాఫ్ పోటీలో ఏడు గోల్స్ చేసే సమయానికి జనం "భుటియా చోట ఎవరు" అని అడగడం మానేశారు. ఆరేళ్ళు పక్కపక్కన ఆడిన తర్వాత జరిగిన మార్పు అది.

దీని నుంచి వాదనకు దొరికే పనిముట్టు ఇది: పేరు ప్రతిపాదించేవారు, ఆ ఆటగాడు వెళ్ళిపోయినవాడి పక్కన ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో, ఆ మ్యాచ్‌లలో ఏ పని అతడి చేతికి వచ్చిందో చెప్పాలి. ఛెత్రి పక్కన ఆడి ఎదిగిన స్ట్రైకర్ జేజే లాల్‌పెఖ్లువా. 2016 జనవరిలో తిరువనంతపురంలో ఆఫ్ఘనిస్తాన్ మీద 2-1తో గెలిచిన శాఫ్ ఫైనల్‌లో ఒక గోల్ జేజేది, మరొకటి ఛెత్రిది. 2019 ఆసియా కప్‌లో థాయ్‌లాండ్ మీద 4-1 గెలుపులో ఛెత్రి రెండు చేస్తే జేజే ఒకటి చేశాడు. వారసుడు దొరికాడనుకుంటుండగా మోకాలి గాయం అతడి ఆటను కుదించేసింది. కాబట్టి "అప్పుడే ఎవరినైనా తయారు చేయవలసింది" అని భారత ఫుట్‌బాల్ సమాఖ్యను నిందించేవారికి జేజే పేరు గుర్తు చేయాలి. తయారైనవాడు కూడా నిలవకపోవచ్చు.

మరీ వెనక్కి పోతే మన హైదరాబాదు గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్ 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో చేసిన పని ఉంది. స్టాపర్ స్థానంలో, అంటే డిఫెన్స్ మధ్యలో ఆడే జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీమ్ సాబ్ అతణ్ణి పక్కన కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా, అంటే ముందు స్ట్రైకర్‌గా నిలబెట్టారు. సెమీ ఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద, ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద జర్నైల్ గోల్స్ చేశాడు. ఫైనల్ 2-1తో గెలిచి మనవాళ్ళు బంగారు పతకం తెచ్చారు. స్ట్రైకర్ కావలసినప్పుడు స్ట్రైకర్ల వరుసలోనే వెతకాలన్న నియమం ఏదీ లేదు. అయితే ఈ ఉదాహరణను వాడేవారు రెండో సగాన్ని కూడా చెప్పాలి: జర్నైల్ ముందుకు వెళ్ళినప్పుడు అతడి పాత చోటును అరుణ్ ఘోష్ నిలబెట్టగలిగాడు. వెనుక అలాంటివాడు లేనప్పుడు ఒక గుంటను పూడ్చడానికి మరొక గుంట తవ్వినట్టే.

స్ట్రైకర్లు ఎందుకు తయారు కావడం లేదో తెలుసుకుని మాట్లాడండి

దేశంలోని క్లబ్ జట్ల మధ్య జరిగే ఇండియన్ సూపర్ లీగ్ 2014లో మొదలైంది. అప్పటి నుంచి 2024-25 వరకు జరిగిన పదకొండు సీజన్లలో ఏ ఒక్క సీజన్‌లోనూ అత్యధిక గోల్స్ బహుమతి భారతీయుడికి రాలేదు. 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీ విజేతగా నిలిచినప్పుడు 18 గోల్స్ చేసిన బార్తొలోమ్యూ ఒగ్‌బెచే నైజీరియావాడు. మైదానంలో ఒక జట్టుకు నలుగురు విదేశీయులకు అవకాశం ఉన్నప్పుడు, ఏ కోచ్ అయినా ఆ నలుగురిలో ఒకరిని గోల్ ముందు నిలబెడతాడు. జీతం పోయే ప్రమాదం ఉన్నవాడు చేసే సహజమైన పని అది. ఫలితంగా గోల్ కొట్టగల భారతీయ కుర్రవాళ్ళు మైదానం పక్కలకు, వింగర్ స్థానాలకు జరిగిపోతారు. మన్‌వీర్ సింగ్ మోహన్ బగాన్‌లో ఎక్కువగా కుడివైపు ఆడాడు. ఛాంగ్‌తే, లిస్టన్, విక్రమ్ ప్రతాప్ సింగ్ అందరూ పక్క నుంచి లోపలికి వచ్చేవారే. ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకుని 2025లో భారత పాస్‌పోర్టు తీసుకున్న ర్యాన్ విలియమ్స్ కూడా ప్రధానంగా వింగరే.

ఛెత్రి స్వయంగా దీనికి మినహాయింపు కాదు. 2017-18లో బెంగళూరు ఎఫ్‌సీకి ఆడుతూ మధ్యలో విదేశీ స్ట్రైకర్ మికూను పెట్టుకుని ఎడమవైపు నుంచి 14 గోల్స్ చేశాడు. మికూ 15 చేశాడు. జాతీయ జట్టుకు వచ్చినప్పుడు మాత్రం మధ్యకు జరిగేవాడు. కాబట్టి క్లబ్‌లో వింగర్‌గా ఆడేవాణ్ణి "వాడు స్ట్రైకరే కాదు" అని తోసిపుచ్చడం తొందరపాటు. వాదనలో అడగవలసిన సరైన ప్రశ్న, ఆ వింగర్ గోల్‌కు వీపు పెట్టి, మీద డిఫెండర్ ఆనుకుని ఉండగా బంతిని ఆపగలడా అన్నది. పక్కన ఆడేవాడికి ఈ పని చాలా అరుదుగా పడుతుంది, మధ్యలో ఆడేవాడికి ప్రతి ఐదు నిమిషాలకూ పడుతుంది.

అంకెలు ఎలా చదవాలి

మ్యాచ్‌ల సంఖ్య కాదు, ఆడిన నిమిషాలు చూడాలి. గోల్స్‌ను నిమిషాలతో భాగించి 90తో హెచ్చిస్తే ఒక పూర్తి మ్యాచ్‌కు ఎన్ని గోల్స్ అన్నది వస్తుంది. ఊరికే ఉదాహరణకు, ఒకడు 1,800 నిమిషాల్లో 8 గోల్స్ చేస్తే లెక్క 0.40, మరొకడు 600 నిమిషాల్లో 4 చేస్తే 0.60. రెండోవాడు మేలనిపిస్తుంది. కానీ అతడు ఎప్పుడూ డెబ్బయ్యో నిమిషంలో దిగి అలసిన డిఫెండర్ల మీద ఆడినవాడైతే, మొదటి నిమిషం నుంచి ఆడినప్పుడు ఆ లెక్క నిలవకపోవచ్చు. ఈశాన్ పండిత ఎఫ్‌సీ గోవా క్లబ్‌కు ఆడినప్పుడు చివర్లో దిగి గోల్స్ చేసి పేరు తెచ్చుకున్నాడు. 2022 జూన్‌లో హాంకాంగ్ మీద 4-0 గెలుపులోనూ ఆఖరి గోల్ అతడిదే. అలాంటివాడి విలువ తక్కువ కాదు, వేరు.

పెనాల్టీలను తీసివేసి మరొకసారి లెక్క వేయాలి. ఏ ప్రత్యర్థి మీద గోల్స్ వచ్చాయో గుర్తు పెట్టుకోవాలి. అంతకు మించి అంకెలతో పెనుగులాడటం టీ కొట్టు వాదనకు అవసరం లేదు.

బంతిని వదిలి మనిషిని చూడండి

అంకెలు చెప్పలేనిది కన్ను చెబుతుంది, అయితే కన్నును కొద్దిగా దారిలో పెట్టాలి. అనంతపురం వారికి బెంగళూరు కంఠీరవ మైదానం సుమారు 200 కిలోమీటర్ల దూరం. కర్నూలు వారికి హైదరాబాదు గచ్చిబౌలి కూడా దాదాపు అంతే. ఉదయం బయలుదేరి సాయంత్రం మ్యాచ్ చూసి అర్ధరాత్రికి ఇల్లు చేరవచ్చు. ఏడాదికి ఒక్కసారైనా మైదానంలో కూర్చుని చూడటం ఈ వాదనకు తప్పనిసరి అని నా అభిప్రాయం, ఎందుకంటే టీవీ బంతిని మాత్రమే చూపిస్తుంది, స్ట్రైకర్ మంచివాడా కాదా అన్నది ఎక్కువగా బంతి అతడి దగ్గర లేనప్పుడే తేలుతుంది.

వీలైనంత పై వరుసలో కూర్చోండి. మీరు ప్రతిపాదించాలనుకున్న ఆటగాణ్ణి మాత్రమే ఒక పది నిమిషాల పాటు చూడండి. బంతి ఎటు పోయినా అటు తిరగకండి. ఇది మొదట్లో కష్టం, పక్కవాళ్ళు లేచి అరుస్తుంటే మరీ కష్టం. అతడు రెండు డిఫెండర్ల మధ్య సందులో నిలబడుతున్నాడా, లేక ఒకడికి అతుక్కుని వాడి పని తేలిక చేస్తున్నాడా గమనించాలి. పక్క నుంచి క్రాస్ రాబోతున్నప్పుడు, బంతి వేసేవాడు తల ఎత్తక ముందే ఇతడు కదలడం మొదలుపెట్టాడా, ఎత్తిన తర్వాతా? ముందే కదిలితే గోల్ మొదటి స్తంభం వైపు వెళ్ళేట్టు నటించి వెనక్కి జారుతున్నాడా? ఛెత్రి గోల్స్‌ను మళ్ళీ చూస్తే ఈ అబద్ధపు అడుగు చాలా చోట్ల కనిపిస్తుంది. ప్రత్యర్థి గోల్ కీపర్ దగ్గర బంతి ఉన్నప్పుడు ఇతడు ఊరికే అతడి మీదికి పరుగెత్తుతున్నాడా, లేక పాస్ ఇచ్చే దారిని మూసేట్టు వంపు తిరిగి పరుగెత్తుతున్నాడా? చివరగా, ఒక మంచి అవకాశం పోగొట్టుకున్న తర్వాతి ఐదు నిమిషాలు ఎలా ఆడాడో చూడండి. బంతి అడగడం మానేసినవాడు ఆ రోజుకు ముగిసినట్టే. మళ్ళీ అదే చోటికి వెళ్ళి నిలబడినవాడి పేరు కాగితం మీద రాయవచ్చు.

టీవీలో చూసేవారు కార్నర్లు, ఫ్రీ కిక్‌ల సమయంలో మాత్రం ఇంత వివరంగా చూడగలరు, అప్పుడు బాక్సు అంతా తెర మీద ఉంటుంది గనుక. ప్రపంచ కప్ అర్హత పోటీలో 2023 నవంబరులో కువైట్ మీద మన్‌వీర్ చేసిన గోల్‌ను తిరిగి చూడండి. ఛాంగ్‌తే అందించిన బంతిని ఆపకుండా ఎడమకాలితో కొట్టిన తీరు కంటే, ఆ బంతి వచ్చే చోటికి అతడు చేరుకున్న తీరు ఎక్కువ నేర్పుతుంది.

ఇప్పుడు పేర్లు

పని, లెక్క, చూపు మూడూ అయ్యాక పేర్లు చెప్పవచ్చు. ఈ దశలో జవాబు మూడు రూపాల్లో రావచ్చని ముందే ఒప్పుకోవాలి. ఒక మనిషి చోట ఒక మనిషి అన్నది మొదటి రూపం. అందరూ ఆశించేది ఇదే, దొరకడం చాలా అరుదు. పనులను ఇద్దరు ముగ్గురికి పంచడం రెండోది: బాక్సులో గోల్ ఒకరికి, పెనాల్టీ ఇంకొకరికి, కిందికి దిగి బంతి కలపడం మిడ్‌ఫీల్డర్‌కు. మధ్యలో స్థిరమైన స్ట్రైకర్ లేకుండా ఇద్దరు వింగర్లు లోపలికి వచ్చేట్టు జట్టు అమరికనే మార్చడం మూడోది. నా మొగ్గు రెండో రూపం వైపే. మన దగ్గర ఉన్న ఆటగాళ్ళు పక్క నుంచి వచ్చేవారైనప్పుడు, మధ్యలో మన్‌వీర్ లాంటి బలమైన శరీరం ఉన్నవాణ్ణి డిఫెండర్లను మోయడానికి పెట్టి, ఛాంగ్‌తేను రెండో గోల్ మనిషిగా చూడటం ఉన్నంతలో మేలు. రహీమ్ అలీ, ఇర్ఫాన్ యడ్వాడ్ వంటి ముందువరుస ఆటగాళ్ళకు మొదటి నిమిషం నుంచి వరుసగా కొన్ని మ్యాచ్‌లు ఇవ్వకుండా పనికిరారనడం న్యాయం కాదు. 2025 అక్టోబరులో సింగపూర్‌తో అక్కడే జరిగిన మ్యాచ్‌లో, సందేశ్ ఝింగన్‌కు రెడ్ కార్డు పడి పదిమందితో ఆడుతున్న సమయంలో, తొంభయ్యో నిమిషంలో సమం చేసింది రహీమ్ అలీయే. ఐదు రోజులకే గోవాలో ఛాంగ్‌తే ముందుగా గోల్ చేసినా అదే సింగపూర్ చేతిలో 1-2తో ఓడి 2027 ఆసియా కప్ అవకాశం పోగొట్టుకున్నాం. నలభై ఏళ్ళు దాటిన ఛెత్రిని మళ్ళీ పిలిచినా ఫలితం మారలేదన్నది కూడా ఈ వాదనలో ఒక సాక్ష్యమే.

వాదనలో కొన్ని మాటలను నిషేధించడం మంచిది. మెస్సీ, రొనాల్డో, హాలాండ్ పేర్లు ఎత్తితే ఆ మనిషి వంతు పోయినట్టు. ఆటగాడి రాష్ట్రం, భాష ప్రస్తావన కూడదు. కొత్తవాడు ఒక్క మ్యాచ్‌లో తప్పిన అవకాశాన్ని సాక్ష్యంగా చూపకూడదు. కనీసం ఐదు మ్యాచ్‌ల నుంచి ఒకే లోపాన్ని చూపించగలిగితే అది సాక్ష్యం. పెద్దవారు "మేము భుటియాను చూశాం, విజయన్‌ను చూశాం" అని పాతతరం స్ట్రైకర్ల పేర్లు చెప్పినప్పుడు మాత్రం అడ్డుకోకండి. చూసినవారు చెప్పే వివరాలు ఏ పట్టికలోనూ దొరకవు. "విజయన్ బంతిని ఛాతీ మీద ఎలా ఆపేవాడన్నా?" అని అడిగితే ఆయన సంతోషిస్తాడు, మీకూ ఒక కొలబద్ద దొరుకుతుంది.

మన ఊరి జట్టుకు ఇదే పద్ధతి

అనంతపురం, కడప, కర్నూలు పట్టణాల్లోని చిన్న జట్లకు ఈ సమస్య ప్రతి జూన్‌లోనూ వస్తుంది. ముందు ఆడే కుర్రవాడికి బెంగళూరులో ఉద్యోగం దొరుకుతుంది, జట్టు గోల్స్ సగం అతడి సంచిలో వెళ్ళిపోతాయి. అప్పుడు చేసే సాధారణ పొరపాటు, మిగిలినవారిలో వేగంగా పరుగెత్తేవాణ్ణి తీసుకుని ముందు నిలబెట్టడం. ఎండిన, గట్టి నేల ఉన్న మన మైదానాల్లో బంతి ఎక్కువగా ఎగురుతుంది. కాబట్టి వేగం కంటే ఎగిరిన బంతిని ఒక్క స్పర్శతో కిందికి దించగల నేర్పు ముఖ్యం. సాధన సమయంలో ముగ్గురు కుర్రవాళ్ళను ఎంచి, వెనుక ఒక డిఫెండర్‌ను ఆనించి, ఒక్కొక్కరికి ఇరవై బంతులు ఎత్తుగా వేయండి. ఎన్నింటిని కాలి దగ్గర నిలిపి తనవాడికి ఇవ్వగలిగాడో రాసుకోండి. గోల్‌లోకి కొట్టడం తర్వాతి రోజు చూసుకోవచ్చు. వెళ్ళిపోయే కుర్రవాడు ఊర్లో ఉన్నంతవరకు, పండగకు వచ్చినప్పుడైనా, కొత్తవాడి పక్కన ఆడించాలి. భుటియా, ఛెత్రిల మధ్య జరిగినది అదే. అమ్మాయిల జట్లలోనూ ఈ పద్ధతిలో ఒక్క అక్షరం మార్చనవసరం లేదు.

వాదన ముగించే సమయానికి ప్రతి ఒక్కరూ ఒక చీటీ మీద తమ జవాబును, అంటే పేరు లేదా పేర్లు, ఎవరికి ఏ పని అన్నది, ఒక్క కారణం రాసి, తేదీ వేసి మడిచి ఇవ్వాలి. జట్టు ఆడబోయే తర్వాతి పది మ్యాచ్‌లు పూర్తయ్యే వరకు ఆ చీటీలు ఒకరి దగ్గర, మేలైతే అసలు ఫుట్‌బాల్ పట్టని టీ కొట్టు యజమాని దగ్గర, ఉండాలి. ఈలోగా ఎవరైనా మనసు మార్చుకుంటే పాత చీటీ చింపకుండా కొత్తది జత చేయవచ్చు, కానీ దాని మీదా తేదీ వేయాలి. పది మ్యాచ్‌ల తర్వాత తెరిచి చదివేటప్పుడు పేరు సరిపోయిందా అన్నదాని కంటే, రాసిన కారణం నిలిచిందా అన్నది ముందు చూడండి. కారణం నిలిచి పేరు తప్పినవాడికి ఆ రోజు టీ ఉచితం, పేరు సరిపోయి కారణం తప్పినవాడు అందరి డబ్బులూ కట్టాలి.